పాత అల్యూమినియపు పడవ: కొనుట, బాగుచేయుట

కరవు సీమలో పడవ ముచ్చట యేల యని మన విద్యార్థులు కొందరు నవ్వవచ్చును. మార్కాపురము, గిద్దలూరు, యర్రగొండపాలెము ప్రాంతములలో వానకై ఆకాశము వంక చూచుటయే గాని నీటిపై పయనించుట అరుదు కదా యని ప్రశ్నింపవచ్చును. కాని ఈ ప్రాంతముననే, కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన కంభం చెరువు ఉన్నది. విజయనగర రాజుల కాలమున వరదరాజమ్మ దీనిని కట్టించినదని ప్రతీతి. నిండిననాడు దాని పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 3.5 కిలోమీటర్లు. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘము 2020లో ఈ చెరువును వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తించినది. ఆ నీటిని నమ్ముకొని పొలములు మాత్రమే కాదు, వలలు కూడ బ్రతుకుచున్నవి.

చేపల వృత్తిలో ఉన్న కుటుంబములకు పడవ యనునది కాడెద్దుల వంటిది. క్రొత్తది కొనుటకు శక్తి చాలనివారు పాతదాని వైపు చూతురు. తేలికయనియు, తుప్పు పట్టదనియు విని అల్యూమినియపు పడవ వైపు మొగ్గుదురు. అప్పు చేసి కొన్నది ఆరు నెలలకే కారసాగినచో వడ్డీ మిగులును గాని పడవ మిగులదు. అంతకంటె పెద్ద నష్టము మనిషి నీటి పాలగుట. కావున పాత పడవను ఎట్లు పరీక్షింపవలెను, కొన్న పిదప ఏ క్రమమున బాగుచేయవలెను అను విషయమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. పాత పడవపై పెట్టు సొమ్ములో మొదటి రూపాయి అడుగు రేకునకు, రెండవ రూపాయి తేలు శక్తికి, చివరి రూపాయి యంత్రమునకు చెందవలెను. లోకమున సాధారణముగా దీనికి తలక్రిందులుగా జరుగుచున్నది.

పుట్టి నుండి లోహపు పడవ దాకా

పడవ విషయమున మన రెండు భాషలు దూరపు చుట్టములు. సంస్కృతమున 'నౌ', పారశీకమున 'నావ్', ఉర్దూలో 'నావ్', తెలుగున 'నావ' ఒకే తల్లివేరు నుండి వచ్చిన మాటలు. ఓడ నడుపువానిని ఉర్దూలో 'నాఖుదా' యందురు. నావకు యజమాని యని దాని అర్థము. మాటలు దేశములు దాటి వచ్చినను, మన నదులపై నడచిన వాహనము మాత్రము చిరకాలము ఒక్కటే. అది పుట్టి.

వెదురు బద్దలతో బుట్టవలె అల్లి, వెలుపల తోలు తొడిగి చేసిన గుండ్రని పుట్టిలను 16వ శతాబ్దమున పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ విజయనగరము చెంత తుంగభద్రపై చూచి వ్రాసినాడు. 17వ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే గోలకొండ రాజ్యమున ఇట్టివానినే చూచినాడు. నేడు తోలునకు బదులు పట్టా గుడ్డయో, ప్లాస్టిక్ సంచులో కప్పి తారు పూయుచున్నారు. శ్రీశైలము జలాశయమున నేటికిని పుట్టిపై వల వేయువారు కలరు.

పుట్టిని చులకన చేయరాదు. అది చౌక, తేలిక, రాతి అంచునకు తగిలినను తట్టుకొనును, ఒక్క మనిషి నెత్తిన పెట్టుకొని పోగలడు. కాని దానికి ముక్కు లేదు, వెనుక లేదు. తెడ్డు వేసినచో తిరుగుట ఎక్కువ, సాగుట తక్కువ. ఎదురుగాలిలో పెద్ద చెరువు దాటుట మిక్కిలి శ్రమ. వల పెరిగి, పోవలసిన దూరము పెరిగిన కొలది నిలువు పడవ అవసరమగును. అప్పుడు కర్ర, ఫైబరు, అల్యూమినియము అను మూడింటిలో ఒకదానిని ఎన్నుకొనవలసి వచ్చును.

ఇచ్చట మన సీమ స్వభావమును గుర్తింపవలెను. గోదావరి పడవ ఏడాది పొడుగునను నీటిలో ఉండును. మన చెరువుల పడవ అట్లు కాదు. వానలు లేని యేట చెరువు వెనుకకు పోయి, పడవ నెలల తరబడి ఒడ్డున ఎండలో పడియుండును. ఎండిన కర్ర పగులును, అతుకులు విచ్చును. ఫైబరు పడవ పైపూత ఏండ్ల తరబడి ఎండకు పెళుసెక్కును. అల్యూమినియమునకు ఎండ వలన అట్టి హాని లేదు. నీరు తగ్గిన కొలది ఇద్దరు ముగ్గురు మోసికొని పోయి క్రొత్త రేవున దింపవచ్చును. ఇది మెట్ట ప్రాంతమునకు తగిన పడవ యనుటకు అసలు కారణము ఇదియే.

లోహము గుణదోషములు

అల్యూమినియము ఒకప్పుడు వెండి బంగారములతో పోటీపడిన అరుదైన లోహము. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ హెరూ ఒకరి నొకరు ఎరుగకయే, విద్యుచ్ఛక్తితో దానిని చౌకగా తీయు పద్ధతిని కనుగొనిరి. ఇద్దరును 1863లో జన్మించినవారే. అనగా అప్పటికి వారి వయస్సు మన పట్టభద్రుల వయస్సునకు ఎంతో ఎక్కువ కాదు. మన దేశమున 1943లో కేరళ ప్రాంతపు ఆలువాయి చెంత ఈ లోహమును తీయుట ఆరంభమైనది.

నీటికంటె ఇది 2.7 రెట్లు బరువు. ఇనుము దాదాపు 7.8 రెట్లు బరువు. గాలి తగిలిన వెంటనే దీనిపై కంటికి కానరాని పలుచని పొర ఏర్పడును. ఆ పొరయే దానికి కవచము. ఇనుము తుప్పు రాలుచు లోపలి లోహమును బయటపెట్టును. అల్యూమినియపు పొర అంటుకొనియుండి లోపలి లోహమును కాపాడును. గీత పడినచో మరల తానే ఏర్పడును.

అయితే ఈ కవచమును ఛేదించు శత్రువులు కలవు. అల్యూమినియపు గిన్నెలో చింతపండు పులుసు నిలువ ఉంచరాదని మన ఇండ్లలో తల్లులు చెప్పుదురు. పులుపు ఎంత శత్రువో క్షారము అంతకంటె పెద్ద శత్రువు. చాకలి సోడా, తడి సున్నము, తడి సిమెంటు ఈ లోహమును తినివేయును. ఇక రెండవ శత్రువు పొరుగు లోహము. రాగి గాని, ఇత్తడి గాని అల్యూమినియమును తాకుచుండగా నడుమ తడి నిలిచినచో అది చిన్న విద్యుత్ ఘటము వలె పనిచేయును. అందు కరిగిపోవునది అల్యూమినియమే. పడవ అడుగున తడిలో మరచిన రాగి తీగ ముక్క కొంతకాలమునకు రేకును గుంటలు చేయగలదు. ఉప్పు నీటిలో ఈ క్రియ మరింత వేగముగా జరుగును. అందువలన సముద్ర తీరమున వాడిన పడవను మన చెరువు పడవకంటె రెట్టింపు శ్రద్ధతో చూడవలెను.

పడవలకు వాడునది శుద్ధ అల్యూమినియము కాదు. మెగ్నీషియము కలిపిన మిశ్రలోహము. వ్యాపారమున 5052, 5083 అను సంఖ్యలతో దానిని పిలుతురు. ఇంటి కప్పునకు వాడు రేకుతో దానికి అతుకు వేయించుట తగదు.

పలక మీద వేయదగిన లెక్క

మార్కాపురము పలకలకు పేరుపొందిన ఊరు. ఆ పలక మీద ఎనిమిదవ తరగతి బాలుడు వేయగల లెక్కతో పడవ రహస్యము సగము తెలియును. అడుగు సమతలముగా ఉండి, 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు గల చిన్న పడవను ఊహింతము. అడుగు వైశాల్యము 3 చదరపు మీటర్లు. అది నీటిలో 1 సెంటీమీటరు దిగినప్పుడు 30 లీటర్ల నీటిని ప్రక్కకు తోయును. లీటరు నీరు కిలో తూగును. ఆర్కిమెడీస్ సూత్రము ననుసరించి ప్రతి 30 కిలోల బరువుకు ఆ పడవ 1 సెంటీమీటరు దిగును.

పడవ బరువు 70 కిలోలు, ఇద్దరు మనుషులు 130 కిలోలు, తడిసిన వల 40 కిలోలు, చేపలు, పెట్టె 60 కిలోలు అనుకొందము. మొత్తము 300 కిలోలు. పడవ 10 సెంటీమీటర్లు దిగును. ప్రక్కగోడ ఎత్తు 40 సెంటీమీటర్లయినచో నీటిపైన 30 సెంటీమీటర్లు మిగులును. ఇది క్షేమము.

ఇప్పుడు ఒడ్డునుండి మరి నలుగురు ఎక్కిరి. 260 కిలోలు పెరిగెను. మిగిలినది 21 సెంటీమీటర్లు. చూచువారికి ఇంకను జానెడు గోడ కనిపించును గనుక భయము కలుగదు. అడుగున ఎక్కడో కారి 5 సెంటీమీటర్ల నీరు చేరెను. అది 150 లీటర్లు, అనగా 150 కిలోలు. పడవ మరి 5 సెంటీమీటర్లు దిగును. మిగిలినది 16. ఆ క్షణమున ఒకడు చేపను చూచి లేచి ఒక ప్రక్కకు వంగెను. లోపలి నీరు కూడ ఆ ప్రక్కకే పరుగెత్తును. మీటరు వెడల్పు గల పడవ 20 డిగ్రీలు ఒరిగినచో ఆ ప్రక్క అంచు 18 సెంటీమీటర్లు దిగును. ఉన్నది 16 మాత్రమే. నీరు లోనికి వచ్చును. తరువాత జరుగునది లెక్క కాదు, ప్రమాదము.

2017 నవంబరు 12న విజయవాడ సమీపమున ఇబ్రహీంపట్నము ఫెర్రీ ఘాట్ వద్ద కృష్ణలో పడవ తలక్రిందులై ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది మన ఒంగోలు నుండి విహారమునకై పోయినవారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద మరియొక పడవ మునిగి అంతకంటె ఎక్కువమంది మరణించిరి. అవి పెద్ద పడవలు, పెద్ద నదులు. కాని బరువు, ఒరుగుట, నీరు అను మూడింటి సంబంధము చిన్న పడవకును పెద్ద పడవకును ఒక్కటే.

కొనుటకు ముందు పరీక్ష

పాత అల్యూమినియపు పడవ మన ఊళ్లలో విరివిగా దొరకు వస్తువు కాదు. జలక్రీడా కేంద్రములవారు మార్చిన పడవలు, వేలములలో అమ్ముడైన పాత సామగ్రి, చేపల చెరువుల యజమానులు వదలుకొన్నవి కనిపింపవచ్చును. ఎచ్చట దొరికినను పరీక్ష ఒక్కటే. రంగు వేసి ఇప్పుడే మెరుగులు దిద్దిన పడవను మిక్కిలి అనుమానముతో చూడవలెను. రంగు క్రింద సీలు ముద్ద పెట్టి కన్నమును కప్పుట తేలిక.

మొదట పడవను బోర్లించి పగటి వెలుతురులో అడుగును చూడవలెను. సొట్టలు అంత ప్రమాదకరములు కావు, చీలికలు ప్రమాదకరములు. సొట్ట మడత వద్ద గోరుతో రాచినచో చీలిక తెలియును. తెల్లని పొడి రాలు చోట రేకు తినబడుచున్నదని గ్రహింపవలెను. గుండు సూదితో అచ్చట నొక్కి లోతు చూడవలెను. వెల్డింగు చేసిన అతుకులకు ప్రక్కన ఉన్న రేకును ప్రత్యేకముగా పరిశీలింపవలెను. వేడికి ఆ భాగము బలము తగ్గియుండును గనుక చీలిక తరచుగా అతుకుపై గాక అతుకు ప్రక్కనే పుట్టును.

రెండవది నీటి పరీక్ష. పడవను తిన్నని దిమ్మెలపై ఆనించి లోపల జానెడు మించకుండ నీరు పోసి అరగంట ఆగవలెను. ఎచ్చట చుక్క కనిపించినను బొగ్గుతో గుర్తు పెట్టవలెను. వదులైన రివిట్ల చుట్టును నల్లని మరక ఉండును. అది రివిటు కదలుచున్నదనుటకు సాక్ష్యము. పది రివిట్లు కారినచో బిగింపవచ్చును. వరుస మొత్తము కారినచో ఆ పడవను వదలివేయుట మేలు.

మూడవది వెనుక పలక. యంత్రము తగిలించు పలకలో లోపల కర్ర ఉండును. వెలుపల లోహము మెరయుచున్నను లోపలి కర్ర కుళ్లియుండవచ్చును. సుత్తి పిడితో తట్టి వినవలెను. గట్టి కర్ర ఖంగున పలుకును. కుళ్లినది డొల్లుగా పలుకును. పలకను పట్టుకొని బలముగా ఊపి చూడవలెను; కదలినచో మార్పింపక తప్పదు.

నాల్గవది సీట్ల క్రింది భాగము. అచ్చట తేలుటకై దట్టించిన నురుగు దిమ్మెలు ఉండును. అవి నీరు పీల్చి బరువెక్కియున్నచో తేల్చుటకు బదులు ముంచును. సాధ్యమైనచో పడవను కాటాపై తూచవలెను. అదే కొలతల పడవ ఉండవలసినదానికంటె ఎక్కువ తూగినచో ఆ ఎక్కువ ఎక్కడిదో అమ్మువాడే చెప్పవలెను.

బేరము, కాగితములు

తూకము మరియొక విధమున కూడ ఉపయోగపడును. పాత అల్యూమినియమునకు బజారులో ఒక ధర ఉన్నది. పడవ బరువును ఆ ధరతో హెచ్చించినచో వచ్చునది దాని కనీసపు వెల. అమ్మువాడు చెప్పు వెలకును ఈ వెలకును నడుమ గల సొమ్ము పడవ 'పనితనమునకు' మనము ఇచ్చు మూల్యము. దానినుండి మరమ్మతులకు అగు ఖర్చు తీసివేసి బేరము చేయవలెను. ఈ లెక్క చేతిలో ఉన్నవాడు మాటలకు లొంగడు.

బయానా ఇచ్చునప్పుడే రసీదు పుచ్చుకొనవలెను. అందు పడవ పొడవు, వెడల్పు, రేకుపై చెక్కిన సంఖ్య యున్నచో ఆ సంఖ్య, అమ్మువాని పేరు, సంతకము ఉండవలెను. దొంగ సొత్తు కొన్నవాడు సొమ్మును, పరువును కూడ పోగొట్టుకొనును. బయానా, రసీదు, జామీను, మరమ్మతు, ఇవన్నియు ఉర్దూ పారశీకముల నుండి మన తెలుగు సంతలోనికి వచ్చి స్థిరపడిన మాటలే. పూర్వులు మాటలతో పాటు అందలి జాగ్రత్తను కూడ మనకు ఇచ్చిపోయిరి.

అప్పు చేయుటకు ముందు మత్స్యశాఖ కార్యాలయమునకు ఒక్కసారి పోవుట లాభకరము. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పడవలు, వలలు సమకూర్చుటకు సహాయము చేర్చబడినది. కొను సమయమున ఏ పథకము అమలులో ఉన్నదో, దానికి ఎవరు అర్హులో అడిగి తెలిసికొనవలెను. సహాయముతో క్రొత్త పడవ దొరకునేమో చూచుకొనకుండ అధిక వడ్డీకి పాతదానిని కొనుట వివేకము కాదు.

బాగుచేయు క్రమము

పడవ ఇంటికి వచ్చినది. మొదటి పని కారుటను ఆపుట. వదులైన రివిటును ఇద్దరు కలసి బిగింతురు. ఒకడు లోపల బరువైన ఇనుప దిమ్మెను ఆనించి పట్టుకొనగా, మరియొకడు వెలుపలినుండి సుత్తితో మెల్లగా కొట్టును. విరిగిన రివిటుకు బదులు అల్యూమినియపు రివిటునే వేయవలెను. ఇనుప బోల్టు తప్పనిసరియైనచో తుప్పు పట్టని ఉక్కుది తీసికొని, క్రింద ప్లాస్టిక్ వాషరు వేసి లోహమును లోహము తాకకుండ చేయవలెను. చీలికకు వెల్డింగు అవసరమైనచో అల్యూమినియము పని తెలిసిన వాని యొద్దకే పోవలెను. ఈ లోహము 660 డిగ్రీల వద్దనే కరగును. దానిపై పొర మాత్రము 2,000 డిగ్రీలు దాటిన గాని కరగదు. అందువలన ఇనుప గేట్లు అతుకు పద్ధతితో దీనిని అతుకబోయినచో రేకు కారిపోవును గాని అతుకు పడదు.

రెండవ పని తేలు శక్తి. ఇది మిక్కిలి ముఖ్యము, మిక్కిలి చౌక. 70 కిలోల అల్యూమినియము నీటిలో మునిగినప్పుడు 44 కిలోలు మాత్రమే తూగును. చిన్న యంత్రమునకు 15 కిలోలు, పడవను పట్టుకొని వ్రేలాడు ఇద్దరికి 20 కిలోలు కలుపుదము. మొత్తము సుమారు 80. అనగా నీరు చొరబడని 100 లీటర్ల ఖాళీ చోటు పడవలో బిగించియున్నచో, అది నిండ మునిగినను అడుగునకు పోదు. 20 లీటర్ల ఖాళీ నూనె డబ్బాలు ఐదు తీసికొని, మూతలు గట్టిగా బిగించి, సీట్ల క్రింద రెండు ప్రక్కల గోడలకు పై అంచు దగ్గరగా పట్టీలతో కట్టినచో ఈ పని తీరును. అడుగున మధ్య కట్టరాదు. అట్లు కట్టినచో మునిగిన పడవ బోర్లపడును. థర్మోకోల్ దిమ్మెలు కూడ వాడవచ్చును గాని పెట్రోలు తగిలినచో అవి కరగిపోవును. యంత్రము గల పడవకు డబ్బాలే మేలు.

మూడవది ప్రాణరక్షణ సామగ్రి. ఎక్కు ప్రతి మనిషికి లైఫ్ జాకెట్ ఉండవలెను; అది సీటు క్రింద కాక ఒంటిపై ఉండవలెను. ఈత వచ్చినవానికి అక్కరలేదను మాట పొరపాటు. వలలో కాలు చిక్కినవానికి ఈత పనికిరాదు. నీరు తోడుటకు పిడి గల డబ్బా, 20 మీటర్ల త్రాడు, ఒక ఈల, పొడవైన గడ కర్ర, రెండు తెడ్లు తప్పనిసరి. లోతు తక్కువ చోట గడకు మించిన సాధనము లేదు.

నాల్గవది కూర్చుండు వసతి. మార్కాపురపు వేసవిలో అల్యూమినియపు సీటు పెనమువలె కాలును. సీట్లపై సన్నని కర్ర బద్దలు, అడుగున కొబ్బరి నార చాప పరచవలెను. చాప వలన మరియొక లాభము కలదు. లోహపు అడుగున డబ్బా పడినచో ఆ చప్పుడు నీటిలో దూరము పోయి చేపలు చెదరును. చాప ఆ చప్పుడును మ్రింగును. రాగి లవణములు ఎక్కించిన కర్రను ఈ పడవలో వాడరాదు.

రంగు అందమునకే గాని అవసరమునకు కాదు. వేయదలచినచో రేకును సబ్బు నీటితో కడిగి, అల్యూమినియమునకై చేసిన ప్రైమరు పూసి, తరువాత రంగు వేయవలెను. ఇనుప గేట్లకు పూయు ఎర్ర సీసపు రంగు, రాగి కలిపిన రంగు దీనికి హాని చేయును.

యంత్రము చివరకు

యువకుల దృష్టి మొదట యంత్రముపై పడును. కాని బరువుతో నిండిన పడవ వేగమునకు దాని పొడవే హద్దు నిర్ణయించును. పడవ ముందు లేచు అల, వెనుక లేచు అల నడుమ అది చిక్కుకొనును. 3 మీటర్ల పడవకు ఆ హద్దు గంటకు సుమారు 8 కిలోమీటర్లు. అంతకు మించి బలమైన యంత్రము తగిలించినచో ఇంధనము కాలును, వెనుక భాగము దిగును, వేగము మాత్రము పెద్దగా పెరుగదు. తేలికగా ఉన్న పడవ నీటిపైకి లేచి వేగముగా జారగలదు గాని, వలలు చేపలు నింపిన పడవకు ఆ ఆశ లేదు. రెండు మూడు గుర్రపు శక్తుల యంత్రము చాలును.

బ్యాటరీతో తిరుగు మోటారు చప్పుడు లేనిది. 12 వోల్టుల, 100 ఆంపియర్ గంటల బ్యాటరీలో 1,200 వాట్ గంటల శక్తి ఉండును. 300 వాట్ల మోటారును లెక్కకు 4 గంటలు నడుపవలెను; కాని సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేసినచో త్వరగా చెడును గనుక 2 గంటలే మనవి. దాని బరువునకు పడవ మరియొక సెంటీమీటరు దిగునని మరువరాదు. ఏ యంత్రము తగిలించినను తెడ్లు పడవలో ఉండవలెను. లోతట్టు జలయానమునకు 1917 నాటి చట్టము స్థానమున 2021లో క్రొత్త చట్టము వచ్చినది. యంత్రము తగిలించుటకు ముందే నమోదు విషయమును అధికారుల యొద్ద విచారించుకొనవలెను. వేసవి సాయంకాలపు ఉరుములు వినబడినంతనే లోహపు పడవను ఒడ్డు చేర్చుట అన్నిటికంటె పెద్ద చట్టము.

వేట యను మాట

తెలుగున 'వేట' యను మాట అడవి మృగమునకును చేపకును చెల్లును. 'చేపల వేట' యందుము. ఉర్దూలో 'షికార్' కూడ అంతే. 'మఛ్లీ కా షికార్' యందురు. కాని చట్టము ఈ రెండింటిని వేరుచేసినది. చెరువులో చేపలు పట్టుటకు హక్కు పొందిన సహకార సంఘములు, అనుమతులు ఉన్నవి. వాటి ననుసరించి పట్టవచ్చును. నీటి పక్షులను వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి శిక్షార్హమైన నేరము. మనకు ప్రక్కనే ఉన్న నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల అభయారణ్యము 1983 నుండి ఉన్నది. పడవ చవుకగా దొరికినదని తుపాకి పట్టుకొని బాతుల వెంట పోవువాడు పడవను, స్వేచ్ఛను కూడ పోగొట్టుకొనవచ్చును.

పక్షులపై మక్కువ గలవారికి సలీం అలీ (1896–1987) జీవితము మార్గము చూపును. బాల్యమున తాను తుపాకితో కొట్టిన ఒక పిచ్చుక ఏ జాతిదో తెలిసికొనగోరి ఆయన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయెను. ఆ ప్రశ్నయే ఆయనను దేశమునకు గొప్ప పక్షిశాస్త్రవేత్తగా చేసినది. 1931–32లో నిజాము రాజ్యమున పక్షుల సర్వే జరిపినవాడు ఆయనయే. మన విద్యార్థులు అదే కుతూహలముతో చెరువు పైకి పోయి, పుస్తకములో పేర్లు వ్రాసికొనవచ్చును.

పడవ యున్న ఇండ్ల పిల్లలు మన తరగతులలో ఉన్నారు. లేనివారికి ఉన్నవారు పొరుగువారు. ఈ వ్యాసమును తమ తండ్రులకు, పెదనాన్నలకు, మామలకు చదివి వినిపింపవలెనని వారిని కోరుచున్నాము. ఆదివారము ఒక పూట చెరువు గట్టునకు పోయి, తమ వారి పడవ పొడవు, వెడల్పు కొలిచి, ఎంత బరువుకు ఎంత దిగునో లెక్కకట్టి, క్షేమముగా మోయగల బరువు హద్దును తెల్లని గీతగా ప్రక్కగోడపై గీయవలెను. ఐదు ఖాళీ డబ్బాలు, కొన్ని మూరల పట్టీ సంపాదించి కట్టవలెను. తరగతి గదిలో నేర్చిన ఆర్కిమెడీస్ సూత్రము ఆనాడు ఒక ఇంటి ప్రాణమును కాచు పనికి వచ్చును. అట్టి చదువు మన కళాశాలలో పెంపొందుగాక యని ఆశించుచున్నాము.